తడిసిన ఎర్రపోగు

ఎవరైనా కొత్త ఎర్ర పట్టుచీర తెచ్చి "ఎట్లుండాది నర్సమ్మా?" అని అడిగితే, నేను ముందు కొంగు మూల తడిపి చూస్తాను. మొన్న ఒక పెళ్ళిలో అట్లాగే చేసినందుకు పెళ్ళికూతురి మేనత్త నాతో మాటలు మానేసింది. మాననీ. ఉద్యోగం వదిలి ఇన్నేళ్ళయినా ఈ ఒక్క అలవాటు నన్ను వదల్లేదు, నేనూ దాన్ని వదల్లేదు.

నర్సు చదువుకు పోయే ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మీ సర్వీసులో మర్చిపోలేని కేసు చెప్పండి అంటారు. కవలల కాన్పో, అడ్డం తిరిగిన బిడ్డ సంగతో చెప్తానని చెవులు రిక్కించుకుని కూర్చుంటారు. అవన్నీ నా చేతుల మీద జరిగినవే. వాటిని తలుచుకుంటే నాకు నెత్తురు ఉడకదు. ఈ ఎర్రపోగు సంగతి తలుచుకుంటే ఉడుకుతుంది. అందుకే ఇదే చెప్తాను, వినండి తల్లీ. గొంతు పెరిగితే నొచ్చుకోవద్దు, నా కోపం మీ మీద కాదు.

మాది హిందూపురం. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం. బెంగుళూరులో కాన్పుల పని నేర్చుకుని, పంతొమ్మిది వందల ముప్పైలలో ధర్మవరం ఆసుపత్రిలో చేరాను. ఆసుపత్రి అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, నేను, ముందర ఒక వరండా. ఆ వరండా బెంచీల నిండా మగవాళ్ళే. ఆడవాళ్ళు వచ్చేదే అరుదు. వచ్చినా వెనకాల నిలబడేవాళ్ళు. వాళ్ళ జబ్బు సంగతి మామో మొగుడో డాక్టరుకు చెప్పేవాడు. "కొంచెం నలతగా ఉండాదంట సార్." ఆ నలత అనే ఒక్క మాట కింద ఎన్ని రోగాలు దాక్కునేవో దేవుడికే తెలియాలి.

నేను ఊరుకోలేక మగ్గాల వీధిలో ఇల్లిల్లూ తిరిగాను. "మాకేం రోగాల్లేవమ్మా, సల్లంగా ఉండాం" అని సాగనంపేవాళ్ళు. పొద్దస్తమానం పట్టుదారం కండెలు చుట్టి, నడుము పట్టుకుని గోడ ఆసరాతో లేచేవాళ్ళు, మొహంలో నెత్తురు చుక్క లేని బాలింతలు, అందరూ చల్లగా ఉన్నారంట! ఆ చల్లదనం చూసి నాకు ఒళ్ళు మండిపోయేది.

అంతలో నాకే జబ్బు చేసింది. తెల్లబట్ట. ఇప్పుడంటే అదురు బెదురు లేకుండా చెప్తున్నాను. మా డాక్టరు మా నాయన వయసు మనిషి, మంచివాడు. ఆయన ముందర నిలబడి నోరు తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం, ఆఖరికి "తలనొప్పి సార్" అనడం. ఆయన పొడి పొట్లం ఇచ్చాడు, నేను బుద్ధిగా వేసుకున్నాను. లేని తలనొప్పి తగ్గింది గానీ ఉన్న జబ్బు ఉన్నట్టే ఉంది. నర్సును నేను, నలుగురికి ధైర్యం చెప్పాల్సినదాన్ని, నా సంగతి ఇదీ!

ఆసుపత్రి దారిన రోజూ పొద్దున పూలు అమ్ముకుంటూ ఒకామె పోయేది. ఆయమ్మ నన్ను ఎగాదిగా చూసి ఒకరోజు నిలదీసింది.

"ఏం నర్సమ్మా, నడుం పట్టుకోని నడుస్తాండావు?"

"ఏం లేదులే."

"ఏం లేదనే అందరూ అంటారు. రేపు నా బుట్టలో తెల్లపోగు యెయ్యి. ఆకులో మడిచి యెయ్యి. నన్నేం అడగొద్దు, నేనేం చెప్పను."

మగ్గాల వీధిలో పట్టుపోగుకు కరువా? ఒక తెల్లపోగు తెచ్చి ఆకులో మడిచి బుట్టలో వేశాను. మరుసటి పొద్దున మల్లెపూలతో పాటు ఆకులో చూర్ణం వచ్చింది, ఎట్లా తినాలో పూలామె చెవిలో చెప్పింది. తగ్గింది. తగ్గగానే నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది, ఈ మందు ఇచ్చేదెవరు, నాకు తెలియకుండా నా వీధిలో ఏం జరుగుతోంది అని. పూలామె వెంటపడి పోయాను.

వీధి చివరి ఇంట్లో ఒక ముసలామె కండెలు చుట్టుకుంటూ కూర్చుని ఉంది. మొగుడు పోయినామె. అందరూ మందులవ్వ అనేవాళ్ళు. దగ్గుకూ జ్వరానికీ పగలే మందిచ్చేది, అది అందరికీ తెలుసు. ఆడవాళ్ళు నోటితో చెప్పుకోలేని జబ్బులకు మాత్రం ఈ పోగుల మందు. ఏ రంగు పోగు వస్తే ఏ బాధ అని ఆయమ్మ అత్త కాలం నుంచి నడుస్తోందట. మగవాళ్ళకు ఎవరికీ తెలియదు. ఇంట్లో మగ్గం ముందర మొగుడు కూర్చుని ఉండగానే, పెళ్ళాం అతని కళ్ళ ముందరే పోగు తుంచి పూలబుట్టలో వేసేది.

"సదువుకున్నదానివి గదా, మీ డాక్టరుకు చెప్పుకోకపోయినావా?" అంది మందులవ్వ, కండె ఆపకుండా.

"మగాయప్పకు ఎట్ల చెప్పేది అవ్వా?"

పడీపడీ నవ్వింది. "అదే మల్ల! నీకే నోరు రాకపోతే వీళ్ళకు యాడొస్తాది?"

ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక జట్టు. ఆయమ్మ పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఎర్రపోగు అంటే నెత్తురు పోతోందని. దానికి ఆయమ్మ మందిచ్చేది కాదు. "మనిషిని సూడకుండా దానికి మందిస్తే పానం పోతాది. ఎర్రది వస్తే నీకు కబురు పెడతా, నువ్వు పో" అంది. పసుపుపోగు అంటే ముట్టు నిలిచిపోయిందని, దానికి ఆయమ్మ కషాయం కాచి పంపేది. మిగతా రంగుల సంగతి చెప్పమని అడక్కండి. ఆ వీధిలో ఇంకా బతికి ఉన్నవాళ్ళున్నారు, వాళ్ళ గుట్టు నాది కాదు.

ఎర్రపోగు వచ్చిన ఇంటికి నేను చీరలు చూసే నెపంతో పోయేదాన్ని. చీర బేరం చేస్తూనే, "కొంచెం నీళ్ళివ్వమ్మా" అని వంటింట్లో దూరి ఆ మనిషిని పరీక్ష చేసేదాన్ని. "ఈ నర్సమ్మ సూసేదే గానీ కొనే రకం కాదబ్బా" అని నేతగాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ. ఆ నెపంతోనే ఎందరికో ప్రాణం నిలబడింది.

తర్వాత నన్ను పెనుకొండకు మార్చారు. మళ్ళీ ధర్మవరం వచ్చేసరికి యుద్ధం నడుస్తోంది. పూలామె నెత్తి కాస్త నెరిసింది. మందులవ్వ కళ్ళకు పొర వచ్చింది. పోగులు మాత్రం అట్లాగే నడుస్తున్నాయి. మారిందల్లా రంగు. అంతకుముందు అద్దకం రంగులు జర్మనీ నుంచి డబ్బాల్లో వచ్చేవి, యుద్ధంతో అవి ఆగిపోయాయి. అందులోనూ ఎరుపు కరువు. ఎరుపు లేకుండా పెళ్ళిచీర ఎట్లా నేస్తారు?

ఆ వీధిలో ఒక షావుకారు ఉండేవాడు. ఆయనే పట్టు తెప్పించి, రంగు అద్దించి, ఇల్లిల్లకూ నేతకు ఇచ్చేది. నేసిన చీరలు అమ్మేదీ ఆయనే. ఊరంతా ఎరుపు లేదంటుంటే ఆయన ఇంట్లో మాత్రం ఎర్ర పట్టు నిగనిగలాడేది. "ఉతికినా పోదు, నాది పూచీ" అని మీసం మీద చెయ్యేసి చెప్పేవాడు. నమ్మని పాపాత్ములు లేరు.

ఈ షావుకారు కోడలు తలుపుల ఊరి దిక్కు నుంచి వచ్చిన పిల్ల. పెళ్ళై ఏళ్ళు గడిచినా కడుపు పండలేదని అత్త, ఆడబిడ్డలు, పక్కింటివాళ్ళు తలా ఒక మాట అని ఆ పిల్లను సగం చేసేశారు. ఆఖరికి నీళ్ళోసుకుంది. మూడో నెల నిండేదాకా ఈ సంగతి గడప దాటకూడదని అత్త ఆంక్ష పెట్టింది, దిష్టి తగులుతుందట. అందుకే మందులవ్వకు తెలియదు, పూలామెకు తెలియదు, నాకూ తెలియదు.

ఆ మూడో నెలలోనే ఆ పిల్లకు కాస్త నెత్తురు కనిపించింది. అత్తకు చెప్పాలంటే భయం, ఏం తిన్నావు, యాడ తొక్కినావు అని దుమ్మెత్తి పోస్తుందని. మొగుడు గోడకు అవతలే మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు, వాడికి చెప్పడానికి నోరు రాలేదు. మగ్గం పక్కనుంచి ఎర్రపోగు తుంచి, ఆకులో మడిచి, పూలబుట్టలో వేసింది. మరుసటి రోజు పూలతో పాటు కషాయం వచ్చింది. నర్సు రాలేదే, మందే వచ్చిందే అని అనుమానించడానికి ఆ పిల్లకు మా కట్టుబాటు తెలియదు గదా! పిల్ల నిలుస్తుందన్న ఆశతో గటగటా తాగేసింది.

ముట్టు తెప్పించే కషాయం అది.

ఆ మర్నాడు పొద్దున్నే పూలామె రొప్పుతూ ఆసుపత్రికి వచ్చింది. "షావుకారి కోడలు పడిపోయిందంట నర్సమ్మా, ఇల్లంతా నెత్తురంట!" డాక్టరు కనగానపల్లి క్యాంపులో ఉన్నాడు. నేను సంచీ తీసుకుని పరుగెత్తాను. చీర నెపం ఎత్తడానికి తీరిక లేదు. షావుకారు గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం గావాల నర్సమ్మా?"

"మీ కోడలు గావాల."

"ఆడోళ్ళ యవ్వారం, ఆడోళ్ళు సూసుకుంటాండారు. నువ్వు పోయిరా."

నేను ఆయన చేతి కింద నుంచి దూరి లోపలికి పోయాను. ఆ పిల్ల చాప మీద పాలిపోయి ఉంది. నాడి చూస్తే దారప్పోగంత సన్నంగా ఆడుతోంది. నా సంచీలో ఉన్నవాటితో అయ్యే పని కాదు, హిందూపురంలో ఆడ డాక్టరమ్మ ఉంది, రైలెక్కించాలి అన్నాను. షావుకారు ఏమన్నాడో తెలుసా?

"ఈ అవతారంలోనా? నలుగురు మగోళ్ళ మధ్య రైల్లోనా? వీధిలో మా మర్యాద ఏం గావాల?"

మర్యాద! చాప తడిసిపోతోంది, వీడికి మర్యాద కావాలంట! అప్పుడు గోడ అవతల నుంచి మగ్గం చప్పుడు వినిపించింది. పెళ్ళాం ఇక్కడ ప్రాణం వదులుతుంటే మొగుడు నేస్తున్నాడు. నాకు తల తిరిగిపోయింది. గోడ అవతలికి పోయి గుంట ముందర నిలబడి అరిచాను.

"ఏమబ్బా! నీ పెండ్లాం పోతాండాది ఆడ. ఆ చీర ఆమె మీద కప్పేకా నేస్తాండావు?"

ఆ అబ్బాయి నా మొహం చూశాడు. వాళ్ళ నాయన మొహం చూశాడు. గుంటలో నుంచి లేచి, లోపలికి పోయి, పెళ్ళాన్ని రెండు చేతులతో ఎత్తుకుని నాయన పక్కనుంచే బయటికి వచ్చాడు. అంతమాత్రానికే ఆ అబ్బాయి మీద నా కోపం సగం తగ్గింది.

స్టేషన్లో రైలు ఆలస్యం. మిలిటరీ బళ్ళు పోయేదాకా మన బళ్ళు ఆగాల్సిందే. ఎక్కాక పెనుకొండలో మళ్ళీ ఆపేశారు. కొండ అట్లాగే కనిపిస్తోంది, బండి కదలదు. నేను ఆ పిల్ల కాళ్ళు నా ఒడిలో ఎత్తి పెట్టుకుని, కిటికీలో నుంచి గార్డును కన్నడంలోనూ తెలుగులోనూ తిట్టాను. ఆ అబ్బాయి పెళ్ళాం తల నిమురుతూ, "నెత్తురు పోతాండాదని నాకెవురూ చెప్పలేదమ్మా" అన్నాడు. ఆ మాట వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. ఇంట్లో మగవాళ్ళకు ఎవరూ చెప్పరు, ఎందుకంటే చెప్పనివ్వరు, చెప్పనిచ్చాక కూడా అడగరు.

హిందూపురం డాక్టరమ్మ ఆ పిల్లను బతికించింది. బిడ్డ దక్కలేదు. కళ్ళు తెరిచాక ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని అన్న మొదటి మాట, "ఎర్రదే ఏసినానమ్మా. నా తల్లి తోడు, ఎర్రదే."

నేను ధర్మవరం తిరిగొచ్చి మందులవ్వను అడిగాను. ఆయమ్మ దేవుడి పటం మీద చెయ్యి పెట్టి, "పసుప్పచ్చదే వచ్చిండాది నర్సమ్మా. నా కండ్లు మసకే గానీ పసుపుకూ ఎరుపుకూ తేడా తెల్దా?" అని ఏడ్చింది. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. నాకు పిచ్చెక్కినట్టయింది. పూలామెను కూర్చోబెట్టి అడిగితే, చాలాసేపటికి గుర్తు చేసుకుంది. "ఎండలని పూలకు నీళ్ళు ఎక్కువ సల్లినా. బుట్టలో నీళ్ళు ఎర్రగా ఉన్న్యాయి. యాడో కుంకుమ పడిండాదిలే అనుకున్న్యా."

నేను పోయి షావుకారు ఇచ్చిన ఎర్రపట్టు పోగు ఒకటి సంపాదించి చెంబు నీళ్ళలో వేశాను. కాసేపటికి నీళ్ళు ఎర్రబడ్డాయి. పోగు తీసి చూస్తే పసుపు. అర్థమైందా? ఎరుపు ఖర్చు కాకూడదని, అడుగున పట్టుకు పసుపు అద్ది పైన కాస్త ఎరుపు ముట్టించి, ఉతికినా పోదని పూచీలిచ్చాడు ఆ మహానుభావుడు. ఆయన మోసం ఆయన ఇంటి వారసుణ్ణే తినేసింది. ఆ పిల్ల ఇల్లు చేరిన రోజే ఈ సంగతి ఆమె చెవిన వేశాను.

ఇక్కడితో అయిపోయి ఉంటే నా కోపం ఎప్పుడో చల్లారేది. తాగిన కషాయం మందులవ్వదని అత్త ఆనవాలు పట్టిందట; కోడలు ఇల్లు చేరిందో లేదో, షావుకారు కులపెద్దలను భజన గుడిలో కూర్చోబెట్టాడు. మందులవ్వ మందు పెట్టి వంశం నాశనం చేసిందని, ఆయమ్మను వీధిలో నుంచి వెళ్ళగొట్టాలని! పుట్టి, మెట్టి, ముసలిదైన వీధి అది.

నేను చెంబు, పోగు పట్టుకుని బయలుదేరాను. మందులవ్వ నన్ను దారిలోనే ఆపింది.

"యాడికి పోతాండావు? గమ్మునుండు."

"వాడి బండారం బయటపెడతా అవ్వా."

"పెడితివి. ఎర్రపోగు ఏంటికి పంపినారని అడుగుతారు, చెప్తావు. మల్ల పసుపుది ఏంటికి అంటారు. మల్ల ఏ ఇంటి నుంచి ఏ పోగు వచ్చిండాదో చెప్పమంటారు. పెండ్లి గాని పిల్లలు పంపినారు, మొగుడు సచ్చినోళ్ళు పంపినారు. వాళ్ళ నోట్లో మన్ను కొడ్తావా? నేను పోతాలే. కనగానపల్లిలో మా బిడ్డ ఉండాది."

చెంబూ పోగూ కొంగు కింద దాచేశాను. జీవితంలో అంత కోపం, అంత చేతకానితనం నాకు ఎప్పుడూ కలగలేదు.

భజన గుడిలో పెద్దలు చాప మీద కూర్చున్నారు, ముందర వాళ్ళు తాగడానికి చెంబుతో నీళ్ళు. ఆడవాళ్ళం బయట గోడ వార. ఏం మందిచ్చినావు, ఎందుకిచ్చినావు అని అడిగితే మందులవ్వ ఒకటే మాట. "ఇచ్చినా. తప్పు నాదే." షావుకారు గొంతు చించుకుంటున్నాడు. అప్పుడు గోడ వార నుంచి ఆయన కోడలు లేచింది. నిలబడటానికే ఓపిక లేదు. పెద్దల మధ్యకు పోయి, కొంగు ముడిలో నుంచి ఎర్రపోగు తీసి, అందరూ చూస్తుండగా వాళ్ళు తాగే చెంబులో వేసింది. రంగు దిగేదాకా ఆగి, పోగు బయటికి తీసి మామ ముందర పట్టుకుంది.

"ఇది మన మగ్గం పోగే మామా. మీరు పూచీ ఇచ్చిన ఎరుపే."

చెంబులో ఎర్రనీళ్ళు. ఆ పిల్ల వేళ్ళ మధ్య పసుపు పోగు. పెద్దలందరూ నేతగాళ్ళే, వాళ్ళకు ఇంకొకరు చెప్పాలా? ఒక్కసారిగా లేచారు. నా గుండె పొంగింది, ఇక ఉంది షావుకారికి అనుకున్నాను.

ఏమైందో తెలుసా తల్లీ? "మా ఇంట్లో నేసిన చీరలూ ఇదే పట్టేనా?" "ఈ సంగతి బయటపడితే ధర్మవరం చీర ఎవుడు కొంటాడు?" పొద్దు వాలేదాకా అదే చర్చ. రంగు, చీర, బేరం, పరువు. చివరికి ఈ సంగతి వీధి దాటకూడదని ఒట్లు వేసుకున్నారు. ఆ పోగుకూ మందుకూ సంబంధం ఏమిటని ఒక్క మగవాడు అడగలేదు. అడగాలని తోచలేదు. లేచిపోతూ పోతూ ఒక పెద్దమనిషి, "ముసల్ది తెలీక చేసిండాది, మన్నించినాం పోండి" అన్నాడు. మన్నించారంట! ఎవరు ఎవర్ని మన్నించేది? పోయిన బిడ్డ గురించి, దాన్ని మోసిన పిల్ల గురించి ఒక్కడు అయ్యో అనలేదు.

వెళ్ళగొట్టకపోయినా మందులవ్వ వెళ్ళిపోయింది. "రంగు మీద నమ్మకం పాయె నర్సమ్మా. ఇంగ వాళ్ళే నోరు తెరుసుకోవల్ల" అని కనగానపల్లి బండెక్కింది. పూలామె బుట్టలో పోగులు ఆగిపోయాయి. ఆడవాళ్ళు నోరు తెరుస్తారన్న ఆశ నాకు అంతగా లేదు. కొన్నాళ్ళు వీధి మళ్ళీ చల్లగా ఉంది, చల్లగా అంటే మీకు తెలుసు.

కొంతకాలానికి ఒక పొద్దున, ఆసుపత్రి వరండా ఎప్పటిలాగే మగవాళ్ళతో కిటకిటలాడుతోంది. షావుకారు వచ్చాడు, వెనకాల అత్త, ఆమె వెనకాల కోడలు. డాక్టరు ఏమిటి సంగతి అని అడిగాడు. షావుకారు ఎప్పటిలాగే గొంతు సవరించుకున్నాడు. "మా కోడలికి కొంచెం నలతగా..."

"నలత గాదు సార్." ఆ పిల్ల అత్తను పక్కకు జరిపి ముందుకు వచ్చింది. వరండా మొత్తానికి వినిపించేట్టు చెప్పింది. "నాకు మూడో నెల సార్. పొద్దున్నుంచి నెత్తురు పోతాండాది."

డాక్టరు వెంటనే లోపలికి తీసుకుపొమ్మన్నాడు. ఈసారి బిడ్డ నిలిచింది, నా చేతులతోనే కాన్పు చేశాను. ఆ పొద్దున ఆ పిల్లను లోపలికి తీసుకుపోతూ నేను వెనక్కి తిరిగి చూశాను. షావుకారుతో సహా, బెంచీల మీద మగవాళ్ళందరూ సిగ్గుతో తలలు వంచుకుని కూర్చున్నారు.

వంచుకోనీ.